మూల కోసిన కార్డులు

మా ఇంట్లో ఒక పాత కత్తెర ఉంది. పిడికి నల్ల రంగు, ఒక వైపు రంగు పోయింది. దానితో మా ఆవిడను కొత్తిమీర కూడా కోయనివ్వను. పెళ్లైన కొత్తలో ఎందుకని అడిగేది, ఇప్పుడు అడగడం మానేసింది. రికార్డు గదుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరకు వచ్చి పాత సంగతులు చెప్పమంటారు. వాళ్ల కోసం ఈసారి ఆ కత్తెర సంగతి రాస్తున్నాను. గొప్ప పని చేసిన కథ కాదని ముందే చెప్పడం మర్యాద.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొద్ది ఏళ్లే. హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో నేను రికార్డు గుమాస్తాను. సగం రిజిస్టర్లు ఇంకా ఉర్దూలోనే ఉండేవి. వాటిని చదివి పెట్టడానికి నాకు పైన ఒక మున్షీ సాబు ఉండేవారు. వయసు అరవై దగ్గర, పాన్‌తో ఎర్రబడ్డ పెదవులు, మధ్యాహ్నం ఒంటి గంటకు తప్పకుండా కునుకు. ఆ గదిలో ఎత్తుగా ఒక కిటికీ ఉండేది. దాని ఎండ మధ్యాహ్నానికి రిజిస్టర్ల అంచుల మీదికి దిగేది. కాగితం దుమ్ము ఆ ఎండలో తేలుతుంటే చూస్తూ నేనూ సగం నిద్రలోనే ఉద్యోగం చేశాననిపిస్తుంది ఇప్పుడు.

మా పెద్ద డాక్టరు గారు మెదడుకు, వెన్నుకు ఆపరేషన్లు చేసేవారు. అప్పట్లో ఆ పని చేసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వెన్నుపాము మీద పెరిగే కణితులు కొన్ని, లోపలే పుట్టేవి కొన్ని. లోపల పుట్టేవి అరుదు. మెల్లగా పెరుగుతాయి, ముందు కాళ్లను, తర్వాత మనిషిని మంచంలో పడేస్తాయి. విదేశాల్లో కూడా చాలామంది వాటిని తెరిచి చూసి, ముట్టుకోకుండా కుట్టేసేవారు. మా డాక్టరు గారు ముట్టుకునేవారు. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పటి నుంచే ఓపికగా ఒక్కొక్కటీ తీస్తూ వచ్చారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆ తర్వాత ఏమయ్యారు, నడుస్తున్నారా, పని చేసుకుంటున్నారా, అసలు ఉన్నారా అన్నది తేల్చి రాయాలని ఆయన కోరిక. ఆ తేల్చే పని నా నెత్తిన పడింది.

నగరంలో వాళ్లు పిలిస్తే వచ్చి చూపించుకునేవారు. చిక్కంతా బయటివాళ్లతోనే. కరీంనగర్ వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ఒక పెద్దావిడ డాక్టరుగా ఉండేది. కాళ్లు పడిపోతున్నవాళ్లు కనిపిస్తే ఆమె మా దగ్గరకు పంపేది. అలా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి వచ్చి, లోపలి కణితి తీయించుకుని వెళ్లినవాళ్లు పదకొండు మంది. వాళ్లకు నేను జోడు కార్డులు రాశాను. ఒక కార్డు మేం రాసేది, దానికి అంటుకునే ఇంకొకటి వాళ్లు జవాబు రాసి పంపేది.

ఇక్కడే నా తెలివి పొడుచుకొచ్చింది. ఆసుపత్రికి రోజూ సంచెడు టపా వచ్చేది. అందులోంచి నా కార్డులు ఏరుకోవడం కష్టం. అందుకని పంపే ముందే ప్రతి జోడు కార్డుకు ఉత్తరం రాసే వైపు కుడి చేతి పై మూల కత్తెరతో చక్కగా కోసేశాను. జవాబు కార్డు వస్తే, కళ్లు మూసుకుని వేలితో తడిమినా దొరుకుతుంది. డాక్టరు గారు చూసి, "భలే ఉపాయం" అన్నారు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు. టపా తీసుకుపోయే బంట్రోతు మాత్రం కట్ట తిరగేసి అడిగాడు.

"సారు, మూల కోసినయేంది ఇవన్ని?"

"గుర్తు కోసం."

"అట్లనా, మంచిది" అని సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఒక్క జవాబు రాలేదు. రెండు నెలలు చూసి మళ్లీ పంపాను. రెండోసారి స్కేలు పెట్టి గీత గీసి మరీ కోశాను. అప్పుడూ రాలేదు.

మున్షీ సాబు రిజిస్టరు మూసి అన్నారు. "సచ్చినోళ్లు యాడ జవాబిస్తరు మియా. రాసేయ్."

నేను రాసేశాను. పదకొండు పేర్ల ఎదుట, ఎర్ర సిరాతో, 'చనిపోయినట్లు తెలుస్తున్నది' అని. ఎలా తెలుస్తున్నదో మాత్రం రాయలేదు. పట్టిక తయారైంది. నగరం వాళ్లలో చాలామంది నడుస్తున్నారు. కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లలో ఒక్కరూ లేరు. డాక్టరు గారు ఆ పట్టిక పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఆపరేషన్ అయ్యాక అంత దూరం బస్సుల్లో, బండ్లలో కుదుపులు పడి వెళ్లడం వల్లనా, అక్కడ పుండు చూసేవాళ్లు లేకనా, నీళ్ల గుణమా అని ఆలోచించారు. నీళ్లు పరీక్షకు తెప్పిద్దామని కూడా అనుకున్నాం. చివరికి ఆయన, "దూరపు వాళ్లకు నేను మేలు చేయడం లేదు. ఇంటికి పంపి చంపుతున్నాను. ఇక చేయను" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. నాకు జాలి వేసింది. ఆ పట్టిక నాదేనన్న గర్వం కూడా లోపల కొంచెం ఉంది, దాచడం ఎందుకు.

ఆ నిర్ణయానికి మొదట బలైనది ఒక నేత ఆయన. సిరిసిల్ల దగ్గరి ఊరు. ముప్ఫై ఏళ్లుంటాయి. భార్యే భుజం ఆనించి తీసుకొచ్చింది. రోగం ఎప్పుడు మొదలైందని డాక్టరు గారు అడిగితే ఆమె సంచిలోంచి ఒక బట్ట తాను తీసి పరిచింది. నేతలో తప్పులు. మొదట మూరకొకటి, తర్వాత జానకొకటి, చివర బెత్తెడుకు రెండు. గుంట మగ్గంలో కూర్చుని కాళ్లతో తొక్కుతుంటే కుడి కాలు వెనకబడిపోయేదట. అందరూ పరధ్యానం అనుకున్నారు. ఆమె మాత్రం ఆ తాను అమ్మనీయకుండా దాచింది. డాక్టరు గారు బట్టను చేత్తో మెల్లగా తడుముతూ, "ఇంత మంచి కేసు షీటు నా జన్మలో చూడలేదు" అన్నారు. వెన్నులోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. లోపలి కణితే. ఇంకా నిలబడగలుగుతున్నాడు కాబట్టి తీస్తే లాభం ఉండే దశ. అయినా పట్టిక గుర్తొచ్చి ఆయన తల అడ్డంగా ఊపారు. ఇంటికి తీసుకెళ్లమన్నారు.

వాళ్ల కాగితాలు రాయడానికి నా దగ్గరకు వచ్చారు. ఆయన వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె నా బల్ల ముందు నిలబడింది.

"మాకంటె ముంగట చేయించుకున్నోల్లు అందరు సచ్చిండ్రా సారు?"

"మీ వైపు వాళ్లు అందరూ పోయారమ్మా."

"ఎవలు చెప్పిండ్రు?"

"పుస్తకంలో ఉందమ్మా."

"పుస్తకంల రాసింది ఎవలు?"

"నేనే."

"మీరు చూసిండ్రా సారు?"

ఆమె గొంతులో కోపం లేదు. సంతలో తూకం అడిగినట్టు అడిగింది. నేను సిరాబుడ్డి మూత బిగించాను, తీశాను, మళ్లీ బిగించాను. ఆమె కాగితం తీసుకుని మొగుణ్ని లేపుకుని వెళ్లిపోయింది.

ఆ మాట నన్ను వదల్లేదు. వదలకపోయినా నేను ఇరవై రోజులు కదల్లేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. తప్పు చేశానేమోనన్న అనుమానం వచ్చాక కూడా, పట్టిక అచ్చుకు సిద్ధమవుతున్నప్పుడు దాన్ని కదిలించడానికి నాకు భయం వేసింది. డాక్టరు గారు తిడతారని, మున్షీ సాబు నవ్వుతారని. చివరికి ఒక ఉదయం వెళ్లి, "సార్, ఆ పదకొండు మందీ పోయారని నేను కళ్లారా చూడలేదు. వెళ్లి చూసి వస్తాను" అన్నాను. ఆయన కోప్పడలేదు. "రెండు వారాలు చాలా?" అని మాత్రం అడిగారు.

సంచిలో పదకొండు పేర్లు, ఇంకోసారి ఇచ్చి రాయించుకుందామని మూల కోసిన కార్డులు ఒక కట్ట పెట్టుకుని బయల్దేరాను. పత్తి ఇళ్లకు చేరే కాలం. ఆ రెండు వారాలు నాకు ఇప్పటికీ నిజంగా జరిగినట్టు అనిపించవు. బస్సు నిర్మల్ దాటాక అడవి మొదలైంది. కిటికీ పక్కన నిద్రపోయి లేస్తే టేకు చెట్లు, మళ్లీ నిద్రపోయి లేస్తే అవే టేకు చెట్లు. నేను చచ్చిపోయినవాళ్ల ఊళ్లు వెతుక్కుంటూ పోతున్నాను, ఎవరి ఇంటి ముందు నిలబడి ఏమని అడగాలో తెలియదు.

ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లుల దగ్గర గాలి నిండా దూది తేలుతోంది. మనుషుల కనురెప్పల మీద, ఎద్దుల వీపుల మీద, చాయ్ గ్లాసుల్లో దూది. సగం మాటలు మరాఠీలో వినిపిస్తున్నాయి. నా జాబితాలో మొదటి పేరు ఒక పత్తి ఏరే ఆడమనిషిది. గేటు దగ్గర అడిగితే, కాపలా మనిషి వేలు చూపించాడు. ఆ దూది పొగలోంచి నెత్తిన గంపతో ఒకామె నడిచి వస్తోంది. మామూలుగా, తొందరేం లేకుండా. నేను ఎర్ర సిరాతో రాసిన పేరు ఆమెదే. గంప దించి, చెమట తుడుచుకుని, "క్యా సాబ్?" అంది. ఆమె పాదాలే చూస్తున్నాను. మట్టి అంటిన మామూలు పాదాలు. ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది, ఆ వెంటనే మిగతా పది పేర్లూ గుర్తొచ్చాయి.

వాళ్ల ఇంటికి వెళ్లాక ఆమె భర్తను అడిగాను. "ఆసుపత్రి నుంచి కార్డు రాలేదా?"

"కార్డు గిట్ల ఏం రాలే సాబ్" అన్నాడు. ఇటు చూడకుండా అన్నాడు. ఆ రోజు చాలాసేపు మర్యాద చేశారు, రొట్టెలతో శనగపిండి పిట్లా పెట్టారు, కానీ కార్డు మాట ఎత్తితే ఇద్దరూ వేరే మాటలోకి వెళ్లిపోయారు. సరే, టపా దారి తప్పిందనుకున్నాను.

ఆ చుట్టుపక్కలే ఇంకో ఇద్దరు బతికి కనిపించారు. ఒకతను కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, ఒకతను ఎడ్లబండి తోలుతున్నాడు. వాళ్లకూ కార్డు రాలేదట. నాలుగో ఇంట్లో నిజంగానే మనిషి లేడు. ఆపరేషన్ అయిన రెండేళ్లకు పోయాడని అన్నదమ్ములు చెప్పారు. నేను కొంత తెరిపిన పడ్డట్టు అనిపించి, అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాను.

అక్కడి నుంచి అడవి దారిన బస్సులో ఆసిఫాబాద్. కలప డిపోలో దుంగలు కొలిచే ఒక కుర్రవాడి ఇల్లు ఊరి చివర. అతను పనికి పోయాడు. ముసలి తల్లి వాకిట్లో మక్కజొన్న కంకులు ఒలుస్తోంది. నేను పేరు చెప్పి, దవాఖాన నుంచి వచ్చానని చెప్పి, సంచిలోంచి కార్డుల కట్ట తీశాను. ఆమె ఒలిచేది ఆపి లేచి నిలబడింది.

"గాడనే ఆగు బిడ్డా. కడప దాటకు. ఎవలు పోయిండ్రు?"

"ఎవరూ పోలేదమ్మా."

"మరి మూల కోసిన కారటులు పట్టుకొస్తివేంది?"

"అది గుర్తు కోసం, నేనే కోశాను."

"నువ్వే కోసినవా" అని ఆమె మెల్లగా కూర్చుంది. "మా దిక్కు మూల కోసిన కారటు వస్తె సావు కబురు బిడ్డా. ఇంట్లకు తీస్కపోం. కడప బయటనే సదివిచ్చుకొని, చింపేసి, తలకు పోసుకుంటం. నీకు ఎరుక లేదా?"

నాకు నిజంగా ఎరుక లేదు. మాది మెథడిస్టు కుటుంబం. మా ఇంట్లో ఉత్తరాలన్నీ పై అంచున ఒక బైబిలు వాక్యంతో మొదలయ్యేవి, పెళ్లి కబురైనా చావు కబురైనా. పైగా నేను మిషన్ హాస్టల్లో పెరిగాను. నాకు వచ్చిన చావు కబురు ఒక్కటే, దాన్ని వార్డెన్ గారు నోటితో చెప్పారు.

"పోయినేడు గిసుంటిదే వచ్చింది" అంది ఆమె. "నా కొడుకు పేరు మీద. నా కొడుకు నా ముందట కూసోని గట్క తింటుండు, ఆని సావు కబురు ఆనికే వచ్చింది. టప్పా ఆయన సదివిండు. రోగి బతికున్నడా సచ్చిండా అని అడిగిండ్రట. అందరం తానాలు చేసినం. ఆడు మూడొద్దులు బువ్వ ముట్టలే. రెండు నెలలకు మల్లొకటి. గప్పుడు నేను టప్పా ఆయన్ను వాకిట్లనే ఆపి, సదువకుండనే చింపిచ్చిన."

కార్డు మీద మొదటి ప్రశ్న నిజంగానే అది. ఒకటి: రోగి బతికి ఉన్నాడా? నా చేతి రాతతో, గుండ్రంగా రాసింది. నేను వాకిట్లో కింద కూర్చుండిపోయాను. ఆమె లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆదిలాబాద్ వాళ్లు ఎందుకు ముఖం తిప్పుకున్నారో అప్పుడు అర్థమైంది. ఆ కార్డు వచ్చిందని పైకి అనడమే కీడు. సాయంత్రం కొడుకు వచ్చాడు, భుజం మీద కొలత గొలుసు వేసుకుని. నన్ను చూసి నవ్వాడు. నేను ఆ మనిషికి ఏమని క్షమాపణ చెప్పుకోను? చెప్పాను. అతను, "పోనీ సారు, బతికే ఉన్న కదా" అన్నాడు.

ఇక నా ఆలోచనంతా ఆ నేత ఆయన మీదికి పోయింది. టెలిగ్రాం ఇద్దామని ఆసిఫాబాద్ టపా కచేరీ దాకా వెళ్లాను. అక్కడ నిలబడ్డాక టెలిగ్రాం అన్నా ఆ ఊళ్లో చావు కబురే అనుకుంటారని గుర్తొచ్చింది. ఒకసారి మూల కోశాను, ఇంక చాలు. నేనే వెళ్లాలి. వెళ్లి చెప్పినా నన్ను ఎందుకు నమ్ముతారు? పోయారని చెప్పినవాణ్ని, ఉన్నారని చెబితే నవ్వరా?

ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో రైలెక్కి జమ్మికుంటలో దిగాను. జాబితాలో అక్కడొకరున్నారు. పత్తి మార్కెట్లో కాంటా వేసే మనిషి. యార్డు నిండా తెల్లటి కుప్పలు, వాటి మధ్య బండ్లు. నడి కుప్ప మీద నడుం లోతు పత్తిలో నిలబడి ఒకతను కేకలేస్తున్నాడు. అతనే. నేను ఈసారి ఏదీ దాచలేదు. కత్తెర సంగతి, పట్టిక సంగతి, సిరిసిల్ల దగ్గరి నేత ఆయన సంగతి అన్నీ చెప్పాను. అతను పత్తి దులుపుకుంటూ విన్నాడు.

"గా కారటుకు మా అవ్వ నాతోని యాటను కోపిచ్చి మొక్కు చెల్లింపిచ్చింది సారు" అన్నాడు. తర్వాత, "ఆయనకు కాళ్లు ఇంక ఉన్నయా?" అని అడిగాడు.

"తెలియదు."

"పాండ్రి. నేను వస్త. మీరు చెప్తె ఏం నమ్ముతరు."

కాంటా ఎవరికో అప్పజెప్పి, అదే చొక్కాతో నాతో బస్సెక్కాడు. కరీంనగర్‌లో బస్సు మారాం. దారి పొడుగునా అతని వెంట్రుకల్లో దూది అలాగే ఉంది. నేను రాసిపారేసిన మనిషి నా భుజం మీద తల వాల్చి గురక పెడుతున్నాడు. ఎండ అతని ముఖం మీద పడుతుంటే అడ్డంగా నా సంచి పట్టుకున్నాను.

ఆ ఇంట్లోకి వెళ్లగానే మగ్గం చప్పుడు లేదని ముందు గమనించాను. చుట్టూ అన్ని ఇళ్లలోంచీ వస్తోంది, ఈ ఇంట్లోంచే లేదు. మగ్గం గుంట పక్కన మంచం వేసి, దాని మీద ఆయన పడుకుని ఉన్నాడు. నేత ఆగిన చోట తాను అలాగే బిగించి ఉంది. భార్య రాట్నం ముందు నుంచి లేచింది. నన్ను గుర్తుపట్టింది.

"చూసి వచ్చానమ్మా" అన్నాను. "ఇప్పటికి ఆరు ఇళ్లు. ఐదుగురు బతికే ఉన్నారు. ఒకరు పోయారు. నేను తప్పు రాశాను."

ఆమె నా వెనక నిలబడ్డ మనిషి వైపు చూసింది. కాంటా ఆయన చొక్కా విప్పి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. భుజాల మధ్య నుంచి నడుం దాకా మచ్చ. ఆమె దగ్గరకు వచ్చి వేలితో పైనుంచి కిందికి ముట్టి చూసింది, ఆ రోజు డాక్టరు గారు ఆమె బట్టను చూసినంత మెల్లగా.

"నీకు గూడ గిట్లనే పడ్డయా అన్నా కాళ్లు?"

"మంచంలనే మూడు నెల్లు ఉన్న చెల్లె. ఇగ చూడు." అతను ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. కూర్చున్నాడు, లేచాడు. మంచం మీది మనిషి కళ్లు అతని వెంట కదిలాయి. కాంటా ఆయనకు ఏం తోచిందో, గభాలున మగ్గం గుంటలోకి దిగి కూర్చుని, రెండు కాళ్లతో తొక్కడం మొదలుపెట్టాడు. పని రానివాడు తొక్కితే ఏమవుతుంది? టప్పుమని రెండు పోగులు తెగాయి.

"దిగు దిగు. పోగులన్ని తెంపుతవా ఏంది" అన్నాడు మంచం మీది మనిషి. అదే ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మాట. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆయన తెగిన పోగుల వైపే చూస్తూ, "పోదం" అన్నాడు.

కాంటా ఆయన, నేను, ఇంకో నలుగురు పొరుగువాళ్లు మంచంతోనే బస్సు దాకా మోశాం.

డాక్టరు గారి బల్ల మీద కత్తెర పెట్టి జరిగింది చెప్పాను. ఆయన తల చేతుల్లో పెట్టుకున్నారు. "మా నాన్న పోయినప్పుడు మా ఊరి నుంచి నాకు వచ్చిన కార్డు మూల చింపే ఉంది" అన్నారు. "నీ కార్డులు ఇదే బల్ల మీదినుంచి వెళ్లాయి. భలే ఉపాయం అన్నాను." బయట బంట్రోతును పిలిచి అడిగితే వాడూ దాచలేదు. "దవాఖాననే కదా సారు, సావు కబుర్లే పంపుతుండ్రనుకున్న. మస్తుమంది పోయిండ్రని పరేషానైన." ఆ రోజు మధ్యాహ్నం మున్షీ సాబు కునుకు తీయలేదు.

ఆపరేషన్ ఏడు గంటలు సాగింది. కణితి చాలావరకు వచ్చింది. ఎడమ కాలు నెలలో తిరిగొచ్చింది. కుడి కాలు రాలేదు. నేనే వెళ్లి అడిగాను, మొదటిసారి వచ్చినప్పుడే చేసి ఉంటే అని. డాక్టరు గారు అబద్ధం చెప్పే మనిషి కాదు. "రెండూ వచ్చేవి" అన్నారు. నేను ఊరుకున్న ఇరవై రోజులు, అంతకు ముందు నేను రాసిన ఎర్ర సిరా. ఆ కాలు నాది. ఈ ముసలితనంలో కూడా మెట్లెక్కుతుంటే కుడి కాలు ముందు వేయడానికి నాకు ఒక్కోసారి మనసొప్పదు.

తర్వాత మిగతా ఐదుగురినీ వెతికాను. మొత్తం మీద ఎనిమిది మంది ఉన్నారు, ఇద్దరు నిజంగా పోయారు, ఒకరి ఆచూకీ దొరకలేదు. డాక్టరు గారు పట్టికలో కొత్తగా ఒక గడి గీయించారు: 'తెలియదు'. మున్షీ సాబు ఆ మాటను ఉర్దూలో కూడా పక్కన అందంగా రాశారు. పిల్లలూ, ఆ గడి రాయడానికి సిగ్గుపడకండి. నేను సిగ్గుపడ్డాను కాబట్టి చెబుతున్నాను.

వార్డు నుంచి వెళ్లేటప్పుడు నేత ఆయన భార్య నాకొక మాట చెప్పింది. "కారటు రాస్తె నాలుగు మూలల పసుపు పెట్టుండ్రి సారు. సంబురంగ తీస్కుంటరు." మరుసటి ఏడు నుంచి రికార్డు గదిలో సిరాబుడ్డి పక్కన ఒక పసుపు గిన్నె చేరింది. మెథడిస్టు ఇంటి పిల్లవాడు కార్డులకు పసుపు అద్దుతుంటే, మున్షీ సాబు, "శాదీ ఎవరిది మియా?" అని ఏడిపించేవారు. అన్ని జవాబులూ వచ్చేవి. కొన్నిటి మీద వాళ్ల పసుపు కూడా ఉండేది. నేత ఆయన ఇంటి జవాబు భార్యే ఏటా ఊరి బడి పంతులు చేత రాయించి పంపేది. ఆయన ఒక్క కాలితో మగ్గం తొక్కలేకపోతే ఆమే గుంటలో దిగిందట. ఆయన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాడట. ఊళ్లో నవ్వితే, 'నా తప్పులు ఆమె దాచింది, ఆమె తప్పులు నేను పట్టుకుంట' అంటాడట.

ఎనిమిదో ఏడు నేను ఇంకా కార్డులు పంపకముందే వాళ్ల ఊరి కార్డు ఒకటి వచ్చింది. బంట్రోతు ఈసారి దాన్ని సంచిలో పెట్టలేదు. విడిగా పట్టుకొచ్చి గుమ్మం బయటే నిలబడి, "సారు, జర బయటికి రాండ్రి" అన్నాడు. కుడి చేతి పై మూల లేదు. కత్తెరతో కోసింది కాదు, చేత్తో చింపింది. గుమ్మం బయటే నిలబడి చదివాను.

'జ్వరమొచ్చి మూడొద్దులకు పోయిండు. రోగం తిరుగబడి కాదు, డాక్టరు సాబుకు చెప్పుండ్రి. ముందటి దినం దాక కర్ర పట్టుకొని వాకిట్ల తిరిగిండు. ఇప్పుడు రాసుకోండ్రి సారు.'

పంతులు రాత, మాట ఆమెది. బంట్రోతు నా చేతి వైపు చూస్తున్నాడు, ఎప్పుడు చింపుతానా అని. ఆ కార్డు నేను చించలేదు. గుమ్మం దాటించి లోపలికి తీసుకెళ్లి, రిజిస్టరు తెరిచి, ఆయన పేరు ఎదుట నల్ల సిరాతో రాశాను.